చివరి రీలులో లేని మాట

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పుంగనూరులో ఒక సినిమా హాల్లో పదహారేళ్లు ఆపరేటరుగా పనిచేసినాను. పొద్దంతా చీకటి గదిలో, మెషిన్ పక్కన ఒక్కణ్ణే. తెరమీద కనిపించేది వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కాదని నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్లు వెనకాడినాను.

మాది మదనపల్లె. అమ్మా నాయినా నా చిన్నప్పుడే పోతే మేనత్త కనకమ్మ నన్ను పెంచింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. నాటకాల్లో వేషాలు వేసేది. ఆమెకు పేరు తెచ్చిన నాటకంలో తల్లి వేషం ఆమెది. తమ్ముడు చేసిన నేరం తనమీద వేసుకుని పెద్దకొడుకు పోలీసుల దగ్గరికి బయల్దేరతాడు. తల్లి తలుపు దగ్గర నిలబడి చూస్తుంది. పుస్తకంలో అక్కడ ఆమెకు మాట లేదు. అత్త ఒక ప్రదర్శనలో ఉండబట్టలేక, "నువ్వు పో నాయినా, నేనుండాను" అనేసిందంట. రాసినాయన ముందు కోప్పడి, జనం ఏడవడం చూసి ఊరుకున్నాడంట. ఆపైన ప్రతిసారీ ఆ మాట అనేది.

తర్వాత ఆ నాటకాన్ని మద్రాసులో నలుపు తెలుపు సినిమాగా తీసినారు. తల్లిగా వేరే ఆమె. పుస్తకంలో ఉన్నట్టే తీసినారు కాబట్టి అత్త మాట అందులో లేదు. అత్త ఆ సినిమా ఎప్పుడూ చూడలేదు.

"మాట లేకుండా ఆ తల్లి ఎట్ల నిలబడిందో నేను సూడలేనప్పా" అనేది.

తొంభైల మధ్యలో ఆమెకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. మదనపల్లె ఆస్పత్రిలో రెండు రోజులు పక్కనే ఉన్నాను. నా బదులు ఆట వేస్తున్నాయన మూడోరోజు రాలేనన్నాడు, మ్యాట్నీ వేసేందుకు ఇంకో మనిషి లేడు. "ఆట వేసేసి సాయంత్రానికి వస్తా అత్తా" అన్నాను. నా మొహమే చూస్తా పెదాలు కదిలించింది. మాట రాలేదు. బస్సుకు టైమైందని వచ్చేసినాను. సాయంత్రం పోయేసరికి మంచం ఖాళీగా ఉంది. మధ్యాహ్నమే పోయిందన్నారు.

ఆ తర్వాత నాకంటూ ఎవరూ లేరు. హాలు వెనక గదిలోనే వంట, పడక. ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోయిన రోజులుండేవి.

నాలుగు నెలలకు, కొత్త సినిమా రీళ్ల పెట్టె రాక, మూడు రోజులకని ఆ పాత సినిమానే తెప్పించినారు. రెండు రోజులు మామూలుగానే ఆడింది. మూడోరోజు మ్యాట్నీకి ఇరవై మంది కూడా లేరు. చివరి రీలులో కొడుకు గడప దాటినాడు. అప్పుడు నా గదిలోని చిన్న స్పీకరులోంచి వినిపించింది.

"నువ్వు పో నాయినా, నేనుండాను."

అత్త గొంతే. మెషిన్ దీపంలో కార్బన్ కడ్డీ సరిచేస్తున్న చెయ్యి ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే తెరమీద ఆ నటి నోరు మూసుకునే ఉంది.

ఆట అయ్యాక గేటు దగ్గరుండే మునెప్ప పైకొచ్చినాడు. అతనికి అత్త సంగతి గానీ నాటకం సంగతి గానీ తెలీదు.

"ఏమప్పా, సినిమా అంతా పుస్తకం మాటలు మాట్లాడి, కడాకు ఆ యమ్మ మన పక్క మాట మాట్లాడిందే?"

"ఏమనింది?"

"పో నాయినా, నేనుండాను అనింది గదా. నిన్నా మొన్నా అన్లేదే, యాల?"

ఖాళీ హాల్లో ఇద్దరమూ ఆ రీలు మళ్లీ వేసుకుని చూసినాము. మాట లేదు. ఫిల్ము అంచున శబ్దం గీత ఉంటుంది, మాట ఉన్నచోట అది రంపం పళ్ల మాదిరి కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూసినాను. ఆ చోట గీత తిన్నగా ఉంది.

మర్నాడు పెట్టె కుప్పం పోయింది. సెలవు పెట్టి నేనూ పోయినాను. రెండు రోజులు అక్కడి హాల్లో జనం మధ్య కూర్చుని చూసినాను. తల్లి నోరు విప్పలేదు. రెండోరోజు అందరూ పోయినా నేను లేవలేకపోయినాను. హాలు ఊడ్చే ముసలామె దగ్గరికొచ్చింది.

"యాల ఏడస్తాండావు నాయినా?"

"సినిమా బాగుందమ్మా" అన్నాను.

ఆరోజు నేనూ మునెప్పా ఒకే మాట ఎట్లా విన్నామో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. మునెప్ప మాత్రం ఆ తర్వాత ఖాళీ హాల్లోకి ఒంటరిగా అడుగుపెట్టలేదు. హాలు మూతపడేదాకా నేను ఇంకో ఆరేళ్లు ఆ గదిలోనే పనిచేసినాను. ఏ సినిమా వచ్చినా స్పీకరు కొంచెం పెద్దగా పెట్టుకునేవాణ్ణి. మళ్లీ ఎప్పుడూ వినపడలేదు.