ఫుమిఎ ఎక్కిన కొండ

వేడినీటి బుగ్గ పక్కనున్న సత్రంలో ఫుమిఎ ఇరవై ఆరేళ్లుగా వంట చేస్తోంది. చలికాలం వస్తే బస చేసినవాళ్లు మంచులో దిగబడకుండా కాళ్లకు వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని గడ్డకట్టిన జలపాతం చూడటానికి కొండెక్కేవారు. వాళ్లకు తెల్లవారుజామునే అన్నం ముద్దలు కట్టి ఇచ్చేది. ఆమె మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. వాళ్లు దిగొచ్చేసరికి చారు వేడిగా ఉండాలి కదా.

మార్చి నెలాఖరుకు సత్రం మూసేస్తున్నారని తెలిసింది. అతిథులెవరూ లేని ఓ మంగళవారం, అతిథులకు కొండదారి చూపించే హతకెయామ వంటింటి గుమ్మంలో ఒక జత మంచుచెప్పులు పెట్టాడు.

"రా అక్కా, ఇవాళ నిన్ను తీసుకెళ్తా."

"ఈ వయసులో నన్ను మోసుకొస్తావా ఏంటి?"

"మోయను. దొర్లించుకుంటూ తెస్తా."

మొదటి పది అడుగుల్లోనే ఆమె ఒక చెప్పు మీద రెండో చెప్పు వేసి బోర్లా పడింది. "కాళ్లు ఎడం చేసి నడువు, బాతులాగా," అన్నాడతను. బాతులాగానే నడిచింది. ఆకులు రాలిన చెట్ల మధ్య ఆమె ఊపిరి ఆమెకే పెద్దగా వినిపించింది.

జలపాతం ఆమె ఊహించుకున్నంత పెద్దది కాదు. నీలంగా, నిశ్శబ్దంగా ఉంది. చెవి ఆనిస్తే లోపలెక్కడో సన్నగా నీరు కదులుతోంది.

"ఫోటో తీయనా?"

"ఎవరికి చూపించను?"

అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఇద్దరూ కూర్చుని, ఆమె కట్టి తెచ్చిన అన్నం ముద్దలు విప్పారు. ఫుమిఎ ఒకటి కొరికి ఆగిపోయింది. చలికి మెతుకులు రాళ్లలా బిగుసుకున్నాయి, లోపలి ఊరవేసిన రేగుపండు పళ్లను జివ్వుమనిపించింది.

"ఇన్నేళ్లూ ఇదేనా తిన్నది? అందరూ బాగుందనే చెప్పారే."

"నీ మొహం చూసి ఇంకేం చెప్తారక్కా?"

నవ్వింది. నవ్వుతూనే మిగిలిన ముద్ద మొత్తం నమిలి తినేసింది. అంతమందిలో ఒక్కరైనా నిజం చెప్పి ఉంటే, కనీసం వాళ్లతో ఓ పోట్లాటైనా మిగిలేదనిపించింది.

దిగేటప్పుడు అతన్ని ముందు వెళ్లమంది. అతను మలుపు తిరిగాక ఆమె నడుము దాకా మంచులో కూరుకుపోయింది. చెప్పు పట్టీ ఊడింది. పిలిస్తే వస్తాడు. పిలవలేదు. గ్లవ్స్ తీసి, వేళ్లు మొద్దుబారేదాకా తడుముతూ పట్టీ బిగించుకుంది. ఆ కొండమీద ఆమె కోసం ఎదురుచూసే గిన్నె లేదు, గంట లేదు. ఆ తీరికను ఏం చేసుకోవాలో తెలియక, కొమ్మల మీది మంచు జారిపడటం వింటూ కాసేపు అలాగే ఉండిపోయింది.

ఆమె పాక్కుంటూ బయటపడి దిగేసరికి కింద హతకెయామ సిగరెట్ ముట్టించి నిలబడి ఉన్నాడు. ఆలస్యమెందుకైందని అడగలేదు.

"ఎలా ఉంది?"

"కాళ్లు లాగుతున్నాయి."

"వచ్చే ఏడు ఇంకా పైకి పోదాం. అక్కణ్నుంచి సముద్రం కనిపిస్తుంది."

"వచ్చే ఏడు నేనిక్కడ ఉండనుగా, షిగెఓ."

హతకెయామ అనే ఇంటిపేరుతో కాక, ఆమె అతన్ని సొంత పేరుపెట్టి పిలవడం అదే మొదలు. అతను వంగి, ఆమె కాళ్ల నుంచి పట్టీలు ఒక్కొక్కటే విప్పసాగాడు.