ఇంకొకరి పేరుతో గెలిచిన పరుగు

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు, ఫిబ్రవరిలో ఒక ఆదివారం. మొదటి బస్సు ఐదున్నరకని తెలిసినా ఇంట్లో కూర్చోలేక, చీకటుండగానే శృంగవరపుకోట బస్టాండుకు వచ్చేశాను. నా చేతిసంచిలో తువ్వాలు చుట్టిన వెండిపూత కప్పు ఒకటి ఉంది. దాని మీద పరుగు పోటీలో మొదటి బహుమతి అనీ, కింద మా నాన్న వెంకటరత్నం పేరూ చెక్కి ఉన్నాయి. పోయే ముందు నాన్న నాకు చెప్పింది వేరు.

"అది నేను పరిగెత్తి తెచ్చింది కాదమ్మా. కళింగపట్నం దగ్గర దానయ్య అని ఉన్నాడు. వాడు పరిగెత్తాడు."

నాన్న తర్వాత కిరాణా కొట్టు నేనే చూసుకుంటున్నాను. త్రాసు ముందు కూర్చుంటే చాలు, ఆ మాటే బుర్రలో తిరిగేది. దానయ్య బతికున్నాడో లేదో కూడా తెలియకుండానే బయల్దేరాను.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో రెండిడ్లీ తిని శ్రీకాకుళం బస్సెక్కాను. తొమ్మిది దాటాక అక్కడ దిగి కళింగపట్నం బస్సు పట్టుకున్నాను. పక్కన చేపలమ్ముకుని ఖాళీ తట్టతో తిరిగెళ్తున్న ఆవిడ కూర్చుంది. దానయ్య పేరు చెప్పగానే నవ్వింది.

"పరుగుల ముసలోడా? ఆయన ఇంటికాడ నిలబడ్తాడేటమ్మా! ఒడ్డెంట ఎల్లి సూడు."

ఆవిడ చెప్పినట్టే ఇంట్లో లేడు. ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని చాలా దూరం నడిచాను. ఎనభై ఏళ్ళ మనిషి, సన్నగా, నీళ్ళ అంచునే గబగబా పోతున్నాడు. ఎవరి కూతుర్నో చెబితే ఆగాడు.

"మీ బాబు, సెట్టి, ఉన్నాడా?"

"పోయారండీ."

మళ్ళీ నడక మొదలుపెట్టాడు. ఆయాసపడుతూ నేనూ పక్కనే నడిచాను. అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు చేపలు పాడవకముందే శ్రీకాకుళం చేర్చాలని కావడి మోస్తూ పరిగెత్తేవాడట. అప్పట్లో శ్రీకాకుళంలో మా నాన్న చదివే బడి డ్రిల్లు మాస్టారు ఆ పరుగు చూశారు. పోటీ బడిపిల్లలకే. దానయ్య బడి గడప తొక్కినవాడు కాదు. అందుకని నాన్న పేరుతో దింపారు.

"ఇజీనారం మైదానంలో గెలిసినాను. మైకులో ఎంకటరత్నం అని పిలిసినారు. నన్నేనని తెల్దు, నాను కదల్నేదు. మేస్టారే ఎనకనుంచి తోసినారు."

కప్పు తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి నా చేతిలోనే పెట్టేశాడు.

"దీని మీద సెట్టి పేరున్నాది. నాకెందుకు?"

"మరి మీకేం కావాలండీ?"

వెంటనే అన్నాడు. "ఆ మైదానం మల్లీ ఎప్పుడూ సూన్నేదు. తీసికెల్తావా?"

ఇంటి దగ్గర ఆయన కోడలు చేపల పులుసుతో అన్నం పెట్టబోయి, నేను తిననని తెలిసి చారు కాచింది. అది తిని ఒంటిగంట బస్సులో బయల్దేరాం. దారంతా ఆయన మోకాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. రణస్థలం దాటాక ఉన్నట్టుండి అడిగాడు.

"ఫిన్లాండనీ దేశం ఎక్కడున్నాదో నీకు తెలుసా?"

పోటీ నుంచి తిరిగొస్తూ డ్రిల్లు మాస్టారు ఆయనకో కథ చెప్పారట. ఆ దేశంలో ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. పెద్ద పెద్ద పరుగులు గెలిచాడు. అప్పటికి ఆ దేశం రష్యా రాజు కింద ఉంది.

"పరిగెట్టింది ఈడు, ఎగిరింది ఆల్ల జెండా. తరవాత ఈడు అమెరికా ఎల్లి ఇటికలు పేర్సుకున్నాడంట. దేశం సొంతమైనాక మల్లీ వచ్చి, ఇంకా పెద్ద పరుగు గెలిసినాడు. అప్పుడు ఈల్ల జెండాయే ఎగిరింది."

కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు. "ఆడికి రెండోపాలి వచ్చింది. నాకు రానేదు."

విజయనగరంలో దిగి మైదానానికి నడిచాం.

మైదానంలో ఆరోజు కబడ్డీ పోటీలు జరుగుతున్నాయి. తుఫానుకు పడిన చెట్ల మొదళ్ళ మీద జనం కూర్చుని చూస్తున్నారు. దానయ్య గారు ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరిగారు, గుర్తుపట్టలేక తల ఊపుతూ. నేను మైకు దగ్గర కుర్రాడి దగ్గరికెళ్ళి సంగతి చెప్పాను. ఆట మధ్యలో కుదరదన్నాడు. నేను కదల్లేదు. విరామంలో విసుగ్గానే మైకు అందుకున్నాడు.

"ఈ మైదానంలో పూర్వం పరుగు పందెం గెలిచిన దానయ్య గారు మన మధ్య ఉన్నారు."

నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. దానయ్య గారు నిటారుగా నిలబడి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఇంకోపాలి సెప్పమను. ఇంటిపేరుతో సెప్పమను."

"సూరాడ దానయ్య గారు!" అన్నాడు కుర్రాడు, ఈసారి గొంతు పెంచి. చెట్ల మొదళ్ళ మీద వాళ్ళూ లేచి చప్పట్లు కొట్టారు. ఆయన ఎవరూ తొయ్యకుండానే మైకు దాకా నడిచెళ్ళి, అందరికీ దండం పెట్టి వచ్చారు.

కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కించాను. కిటికీలోంచి వంగి అడిగారు.

"ఆ కప్పు మీ బాబు ఇంట్లో ఎక్కడెట్టీవోడు?"

"బీరువాలో, బట్టల వెనక. ఎవరికీ చూపించలేదండీ."

"అయితే ఆడికీ కలిసిరానేదు పాపం" అన్నారు. బస్సు కదిలింది.

నా బస్సు ఐదుంపావుకి. కళింగపట్నం వెళ్ళాలనుకునేవాళ్ళకు శ్రీకాకుళం నుంచి బస్సులు బాగానే ఉన్నాయి. పొద్దున్నే వెళ్తే ఒడ్డున ఎండ ఉండదు. శృంగవరపుకోట కొండలు కనిపిస్తున్నప్పుడు తట్టింది. ఆనాడు మైకులో తన పేరు పిలుస్తున్నప్పుడు నాన్న ఆ మైదానంలో ఎక్కడ నిలబడి ఉన్నాడు? దానయ్య గారిని అడగనే లేదు. ఊరు చేరేదాకా సీట్లో నిలకడగా కూర్చోలేకపోయాను.