ఆ సహోదరుడి భుజం

మా మేనత్త పోయిన కబురు నాకు కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద తెలిసింది. నీళ్ళు పట్టిన సీసాకి మూత బిగిస్తుంటే నాన్న ఫోన్ చేశాడు. "అత్త పోయిందమ్మా" అన్నాడు. కాస్త ఆగి, "బండి మీద కాదు, మంచం మీదే. నిద్రలోనే" అన్నాడు.

ఆ రెండో మాటకి నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అత్త ముప్ఫయ్యేళ్ళు నాగాయలంక చుట్టుపక్కల ఊళ్ళకి టీకాల పెట్టె కట్టుకుని మోటారు సైకిలు మీద తిరిగిన నర్సు. ఆ ముప్ఫయ్యేళ్ళూ చుట్టాలు, చర్చి సంఘం వాళ్ళు, ఎదురింటి వాళ్ళు "ఈవిడ ఏదో ఒకరోజు ఆ బండి మీదే పోతుంది" అని జోస్యం చెబుతూనే ఉన్నారు. ఒక్కసారి కూడా పడలేదు. అరవై ఎనిమిదో ఏట గుండె ఆగి, ఉతికిన దుప్పటి మీద పడుకుని పోయింది. వాళ్ళ జోస్యం తప్పిందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏడవడానికి వేరే టైముంది.

మొదట్లో అత్త కూడా భయంభయంగానే బండి నడిపేదట. ఒక ఆదివారం పోలియో చుక్కలు వెయ్యడానికి వెళ్ళిన ఇంట్లో, టీవీలో బైకుల రేసు వస్తోంది. మలుపు దగ్గర ఒక రైడరు మోకాలు నేలకి రాసుకునేంతగా ఒరిగిపోయాడు. అత్త "ప్రభువా, పడిపోతున్నాడు!" అని కళ్ళు మూసుకుని అక్కడికక్కడే ప్రార్థన మొదలుపెట్టింది. ఆ ఇంటాయన నవ్వి, "పడట్లేదండీ నర్సమ్మ గారూ, మలుపు తిరుగుతున్నాడండీ. ఆయన పెద్ద చాంపియనండీ" అన్నాడట. కళ్ళు తెరిచేసరికి ఆ మనిషి నిటారుగా లేచి దూసుకుపోతున్నాడు. చుక్కల డబ్బా ఒళ్ళో పెట్టుకుని రేసు అయిందాకా కూర్చుంది.

అది మొదలు. ఆ పరదేశీయుడి పేరు నోరు తిరగక "మా సహోదరుడు" అనేది. రేసున్న ఆదివారాల్లో సాయంత్రం ఆరాధనకి రాకపోతే ఎక్కడుందో అందరికీ తెలిసేది.

దివిసీమ కుర్రాళ్ళక్కూడా ఆయనే హీరో. సైలెన్సర్లు పీకేసి, కరకట్ట మీద ముందు చక్రం గాల్లోకి లేపేవాళ్ళు. "ఆ రేసుగాళ్ళని చూసే కుర్రాళ్ళు చెడిపోతున్నారు" అని పెద్దవాళ్ళు గోల. అత్తకి ఇద్దరి మీదా మంటే. "గెలిచాక ఆయన వేసే కోతి వేషాలు నేర్చుకున్నారు వెధవలు. గెలవడానికి ముందు చేసేవి ఒక్కడైనా నేర్చుకున్నాడా?" అనేది.

ఆవిడ నేర్చుకున్నవి వేరు. గుడివాడ వెళ్ళి తల మొత్తం మూసే హెల్మెట్ కొనుక్కుంది. ఎండలో కూడా గ్లౌజులు తొడుక్కునేది. పొద్దున్నే టైర్లు నొక్కి చూడకుండా బండి తీసేది కాదు. యూనిఫాం చీర లోపల మందపాటి జీన్సు ప్యాంటు. బావి దగ్గర ఆడవాళ్ళు కిసుక్కున నవ్వితే, "మోకాలి చిప్ప పోతే మీదేమైనా ఇస్తారా అమ్మా?" అని అడిగేది. నాకు బండి నేర్పినప్పుడు కూడా ఆవిడ గురువు ఆయనే. "నీళ్ళ వంక చూశావనుకో, నీళ్ళలోకే వెళ్తావు. ఎక్కడికి వెళ్ళాలో అక్కడ చూడు. మా సహోదరుడు ఎటు చూస్తాడో చూడలేదూ?"

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఏడాది ఆ సహోదరుడు రేసులో పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు అడిగితే అత్త లేచి, "విదేశంలో ఉన్న ఒక సహోదరుడికి భుజం విరిగింది, దయచేసి ప్రార్థించండి" అని కూర్చుంది. ఎవరూ వివరాలు అడగలేదు. సంఘ పెద్ద గారు స్వయంగా లేచి, కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేశారు. సంఘం మొత్తం ఆమెన్ అంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకం కొరికాను.

ఆయన రెండు వారాల్లోనే కట్టుతో మళ్ళీ బండెక్కాడు. లోకమంతా చప్పట్లు కొడుతుంటే అత్త టీవీ కట్టేసింది. "మనం ప్రార్థించింది ఎముక అతకాలని. అతక్కముందే ఎక్కమని కాదు" అంది. అభిమానం అంటే కళ్ళు మూసుకోవడం కాదని నాకు ఆ రోజు తెలిసింది.

నేను బందరులో, రొయ్యల రైతులకి నీళ్ళ పరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తాను. బస్సు రోడ్డు మీద దింపుతుంది. చెరువులు అక్కణ్ణుంచి నాలుగైదు కిలోమీటర్లు లోపల. బండి లేకపోతే నాకీ ఉద్యోగం లేదు. మూడేళ్ళ కిందట వానలో గట్టు మలుపు దగ్గర జారి, బండితో సహా చెరువులో పడ్డాను. మణికట్టు విరిగింది. నాన్న ఆస్పత్రిలోనే అత్త మీద విరుచుకుపడ్డాడు.

"ఆ రేసులు చూపించి నా కూతుర్ని పాడు చేశావక్కా."

"పాడు చేసింది రేసులు కాదురా, వాన" అని నా వైపు తిరిగింది. "ఒసే, పడేటప్పుడు బండినెందుకు పట్టుకున్నావే? రేసుల్లో వాళ్ళు వదిలేస్తారు చూడలేదూ? బండి ఇంకోటి వస్తుంది, చెయ్యి రాదు."

ల్యాబు యజమాని ఆ చెరువులకి ఇంకొకర్ని పెడతానన్నాడు. నేను కంగారుపడి, పిండికట్టుతోనే వెళ్ళిపోదామని చూశాను. ఆ సహోదరుడు వెళ్ళలేదా అన్నాను. అత్త తాళం చెవి లాక్కుంది. "ఆయనకి వందమంది డాక్టర్లున్నారు. నీకు నేనొక్కదాన్నే ఉన్నాను" అంది. యజమానికి తనే ఫోన్ చేసి, "ఆరు వారాలాగండి, నేను పూచీ" అని చెప్పింది. ఏడో వారం బస్సులో దిగింది. అప్పటికే మోకాళ్ళ నొప్పులు, బండి మానేసింది. నన్ను తిన్నగా ఆ మలుపు దగ్గరికే తీసుకెళ్ళమని, వెనకాల ఎక్కి కూర్చుంది. "పడితే ఇద్దరం పడదాం, పద." నేను నీళ్ళ వంక చూడలేదు. బండి మలుపు తిరిగింది.

మొన్న జ్ఞాపకార్థ కూడికలో అదే సంఘ పెద్ద గారు మాట్లాడారు. అత్త సేవని పొగిడారు, నేను కాదనను. చివర్లో మాత్రం, "ఆమెకున్న ఒకే ఒక్క లోకాశ ఆ బండి పందేల పిచ్చి. ప్రభువు క్షమించునుగాక" అన్నారు. నాన్న తల వంచుకున్నాడు. ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగితే నేను లేచాను. రాసుకొచ్చిన కాగితం చేతిలోనే నలిగిపోయింది.

"క్షమించడానికి ఏముందండీ? వానాకాలం బస్సు ఆగిపోయిన చోటు నుంచి మీ పిల్లల దాకా టీకా ఎలా వచ్చిందండీ? ఆ పిచ్చే తెచ్చింది. ఇంకో మాటండీ. విదేశంలో సహోదరుడి భుజం కోసం మీరు కన్నీళ్ళతో ప్రార్థించారు, గుర్తుందా? ఆయన ఆ రేసుల చాంపియనేనండీ. తగ్గింది కూడా."

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. పెద్ద గారు పాట నంబరు చెప్పారు. అత్త ఉంటే నన్ను గిల్లి ఉండేది, తర్వాత ఇంటికెళ్ళి పడీ పడీ నవ్వేది.

ఆ సాయంత్రం నాన్నా నేనూ బందరు తిరిగొచ్చాం. తెల్లారి నేను బండి బయటికి తీస్తుంటే నాన్న గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"బస్సులో వెళ్ళు."

"బస్సు చెరువు దాకా వెళ్ళదు నాన్నా."

"అయితే మానెయ్. ఉన్నన్నాళ్ళూ అక్క నీ తరఫున నాతో దెబ్బలాడింది. ఇంకెవరు మాట్లాడతారు?"

"నేనే మాట్లాడతాను. కాస్త జరుగు."

ఆయన జరగలేదు. గేటు తీయనూ లేదు. నేనే బండి స్టాండు వేసి, ఆయన పక్కనుంచి చెయ్యి పెట్టి గడియ తీశాను. అప్పుడు అరడుగు వెనక్కి వేశాడు. బండి బయట పెట్టి, మేకలు వస్తాయని మళ్ళీ గేటు వేసి బయల్దేరాను.

ఏడింటికి మొదటి చెరువు దగ్గరున్నాను. రాత్రి వాన పడినట్టుంది, గట్టంతా మెత్తటి బురద. సీసా నింపుకుని తిరిగి చూస్తే, రోడ్డు నుంచి ఇక్కడి దాకా నా టైరు గీత ఒక్కటే కనిపించింది. నేను పడ్డ మలుపు దగ్గర కూడా, పక్కన ఎక్కడా కాలు ఆనించిన గుర్తు లేదు.