తెలివి మాత్ర

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో సుజాతమ్మను అందరూ ఆయా దీదీ అంటారు. ఆస్పత్రిలో ఇరవై ఎనిమిదేళ్లు ఆయాగా చేసి, ఎంత మొండి రోగి చేతైనా మందు మింగించిన మనిషి. ఆ మాట తనే నలుగురికీ చెప్పుకుంటుంది కూడా. అలాంటి ఆవిడకి తొమ్మిదేళ్ల మనవరాలు జెనీ మూడు చెరువుల నీళ్లు తాగించింది.

జెనీ ఒక్కచోట నిలవదు. సగం లెక్క చేసి లేచిపోతుంది. డాక్టరు నాలుగైదు సార్లు చూసి, బరువు తూచి, బీపీ చూసి, మెదడును హుషారుచేసి ధ్యాస నిలిపే మాత్ర రాశాడు. పొద్దున్న టిఫిను తిన్నాక ఒక్కటే, ఇంకెవరికీ ఇవ్వకూడదన్నాడు. జెనీ నోరు తెరిస్తేగా!

"ఇది తెలివి మాత్రే తల్లీ, ఏసుకో" అని ఆశపెట్టింది సుజాతమ్మ. ఆ పేరే ఉండిపోయింది.

ఆ ఇళ్లలో తెలివంటే బుద్ధీ, మెలకువా కూడా. జెనీ తాత తిమోతి రైలు గార్డుగా రిటైరయ్యాడు, గుండెజబ్బు మనిషి. ఒక ఆదివారం చర్చికి తయారై కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు.

"తాతా, నీకింకా తెలివి రానేదు. ఇది ఏసుకో."

జెనీ గుప్పిట విప్పింది. పొద్దున్న మింగినట్టు నటించి దాచిన మాత్ర అది. తన బీపీ మాత్రే అనుకుని తిమోతి కళ్లు తెరవకుండానే నోటిదాకా తీసుకెళ్లాడు. వంటింట్లోంచి చూసిన సుజాతమ్మ ఒక్క ఉదుటున వచ్చి అతని చేతిమీద కొట్టింది. మాత్ర నేలమీద పడింది.

"తాత గుండెకి ఇది పడితే ఏటవుద్దో తెలుసా?" అంటూ జెనీ మీద చెయ్యెత్తింది.

"నువ్వే కదా సెప్పినావు తెలివి మాత్రని! సర్చిలో తాత తూగితే అందరూ నవ్వుతన్నారు." జెనీ వెక్కుతూ ఆగింది. "మామ్మా, నాకు తెలివి నేదనేనా రోజూ ఇస్తన్నావు?"

ఎత్తిన చెయ్యి దిగిపోయింది. పిల్ల ఇన్నాళ్లూ మాత్రతోపాటు ఆ మాటను కూడా మింగుతోందని సుజాతమ్మకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"నీకు తెలివి నిండా ఉన్నాది. అది ఒక్కసోట కూకోదు, అంతే. తెలివితక్కువ పని సేసింది నేను."

మాత్రల పెట్టె బీరువాలోకెళ్లింది, తాళంచెవి కొంగుకెక్కింది. మర్నాడు జెనీ మాత్ర మింగాక సుజాతమ్మ దాని నోరు తెరిపించి మరీ చూసింది. ఇక ఆ మాత్రని ఏమని పిలవాలి? అట్టమీది పేరు కూడబలుక్కుని చదవబోయింది.

"మిథై... మిథైలు..."

"మిథైల్‌ఫెనిడేట్" అంది జెనీ బ్యాగు సర్దుకుంటూ, ఒక్క గుక్కలో. "డాక్టరు రాసినోళ్లకేగానీ తాతకి కాదు. మర్సిపోకు మామ్మా."