పెదాల మధ్య పెన్సిలు

డెబ్బైల చివర్లో మా వీధిలో చదువంటే చెవికి వినపడాలి. తెల్లారగట్ల ఏ ఇంటి పిల్లల గొంతు ఎంత ముందు లేస్తే ఆ ఇంటివాళ్ళకి అంత గొప్ప. నరసాపురం దగ్గర పల్లె మాది. అమ్మ అరుగు మీద లేసు అల్లుకుంటూ ఉంటే, నేను పక్కన కూర్చుని గొంతు చించుకునేదాన్ని. అమ్మకి అక్షరం రాదు. నేను ఆగితే మాత్రం సూది ఆపి నా వంక చూసేది. అబ్బో, ఎంత జోరుగా చదివేదాన్నో! ముక్క అర్థమైతే ఒట్టు.

పదో తరగతిలో ఆ జోరు బండారం కాస్తా బయటపడింది. పాత పాఠమైతే గడగడా అప్పజెప్పేదాన్ని. ఎప్పుడూ చూడని పేరా ఇస్తే ఒక్కో మాటా పెదాలతో గొణుక్కుంటూ, మళ్ళీ మొదటికొస్తూ ఉండగానే గంట కొట్టేసేవారు. అర్ధసంవత్సరం పరీక్షలో సగం పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చాను.

కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మాస్టారు నన్ను నిలబెట్టారు. "నీ కళ్ళు ముందుకి పోతుంటే నోరు వెనక్కి లాగుతోందమ్మా. ఇలాగైతే పబ్లిక్ పరీక్ష గట్టెక్కవు," అన్నారు. పెదాల మధ్య పెన్సిలు పెట్టుకుని కళ్ళతోనే చదవాలి. తర్వాత పుస్తకం మూసి, ఏం చదివానో సొంత మాటల్లో చెప్పాలి. ఇంటి దగ్గర కూడా అలాగే చెయ్యమన్నారు. "అలాగేనండి," అన్నాను. మా అమ్మ సంగతి ఆయనకేం తెలుసు?

మొదటిరోజే అమ్మ ఒంటికాలి మీద లేచింది.

"నోట్లో ఆ పుల్లేంటే? పుస్తకం ముందేసుకుని కలలు కంటే చదువైపోద్దా?"

"చదువుతున్నానమ్మా! మాస్టారు ఇలాగే చదవమన్నారు."

"మరి నాకు వినపడదేం?"

కొన్నాళ్ళు చూసింది. ఒక సాయంత్రం దారపుండా, ఇంకో సూదీ తెచ్చి నా ముందు పడేసింది. "చదవనప్పుడు బడెందుకు? సోమవారం నుంచి నా పక్కన కూర్చుని లేసు అల్లు," అంది. అన్నంత పనీ చేసే మనిషి. మా వీధిలో నా ఈడు ఆడపిల్లలు చాలామంది అప్పటికే బడి మానేసి అరుగుల మీదకి చేరిపోయారు. నాకు భయమేసింది. అంతకు మించి ఒళ్ళు మండిపోయింది.

"అసలు నీకేం అర్థమవుద్దని వింటావ్? నీకు గోల కావాలంతే!" అని అరిచాను.

అమ్మ తన అల్లిక అందుకుని ఇంకో వరస అల్లింది. తర్వాత నా వైపు చూడకుండా, "ఆ పడవవాడి సంగతి సగంలో ఆపేశావు. తుఫానులో చిక్కుకున్నాడన్నావు కదా. ఒడ్డుకి చేరాడా?" అంది.

పెన్సిలు పెట్టుకోకముందు ఇంట్లో సగం వరకూ చదివిన తెలుగు పాఠం అది. బడిలో మొత్తం క్లాసుకి చివరిదాకా చదివి వినిపించింది నేనే. అయినా ఆ పడవవాడు ఏమయ్యాడో నాకు తెలీదు. ఎంత సిగ్గేసిందో!

పుస్తకం తెచ్చాను. గొంతెత్తబోయి ఆగిపోయాను. పైకి చదివితే మళ్ళీ ఏమీ బుర్రకెక్కదని భయం. పెదాలు బిగించి కళ్ళతోనే చదవసాగాను. అమ్మ ఈసారి కేకలెయ్యలేదు. పని ఆపి నా మొహమే చూస్తూ కూర్చుంది. గాలి, విరిగిన తెరచాప కొయ్య, ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడ్డ అతని భార్య. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఈ పుస్తకంలోనే ఉన్నారా అనిపించింది. చివరి పేరాకి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి.

పుస్తకం మూసి "ఆ పడవవాడూ..." అని మొదలెట్టి ఏడ్చేశాను.

"చెప్పొద్దులే," అంది అమ్మ. "తెలిసింది."

కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా ముందు పడేసిన సూదిని తీసి తన డబ్బాలో వేసేసుకుంది.