బాబాయి మనసులో మురికి

మా బాబాయి తన మనసులో ఏ చెడ్డ ఆలోచన పుట్టినా, దానికి అక్కడికక్కడే పేరు పెట్టి వీధి చివరిదాకా వినపడేలా ప్రకటిస్తాడు. చెడ్డ ఆలోచనలు అందరికీ వస్తాయి. మనం నోరు మూసుకుంటాం, ఆయన మూసుకోడు.

బాబాయిది బట్టలకు రంగులేసే దుకాణం. ఎప్పుడో ఒక బౌద్ధ భిక్షువు తన బట్టలకు రంగు వేయించుకోవడానికి వచ్చి, అవి ఆరేలోగా ఓ మాట చెప్పాడట. మురికి గుడ్డకి రంగు పట్టదు, మురికి మనసుకి మంచీ పట్టదు. లోభం, ద్వేషం, అసూయ లాంటివి వచ్చినప్పుడు వచ్చాయని గుర్తుపడితే అవే వదులుతాయి అని. పాపం, భిక్షువు మనసులో గుర్తుపట్టమన్నాడు. మా బాబాయికి మెల్లగా మాట్లాడటం చేతకాదు.

ఇక మా పరువు బజారున పడింది. పక్కింటాయన కొత్త స్కూటర్ చూపించడానికి వస్తే, "అసూయ వచ్చింది!" అని గుమ్మంలోంచే అరిచాడు. ఆయన "ఎవరూ?" అని వెనక్కి తిరిగి చూశాడు.

ఇంకోసారి మా తమ్ముడి ఆఫీసు పెద్దాయన ఇంటికొచ్చి గంటసేపు తన గొప్పలు చెప్పుకున్నాడు. తమ్ముడు ఆవలింత ఆపుకోలేక నోరు తెరిచేశాడు. పెద్దాయన మొహం మాడింది. సరిగ్గా అప్పుడే బాబాయి, "ద్వేషం వచ్చింది... ఉంది... ఇంకా పెరుగుతోంది..." అని వాతావరణ వార్తలు చదివినట్టు మొదలుపెట్టాడు. పెద్దాయన ఆవలింత సంగతి మరిచిపోయి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఈయనకున్నది మనసు కాదు, మైకు," అనేది పిన్ని.

"అదిగో, నీకు కోపం వచ్చింది. పేరు పెట్టు."

"పెడతా. మీ పేరే పెడతా."

దుకాణానికి ఓ టీచరమ్మ వచ్చేది. చిన్నప్పుడు పిన్నికి చదువు చెప్పిందావిడ. ఇప్పటికీ నలుగురి ముందూ పిన్నిని, "నిటారుగా నిలబడు!" అని గదమాయిస్తుంది. ఒకసారి ఆవిడ, చనిపోయిన తన తల్లి శాలువా తెచ్చి, కూతురి పెళ్లికి కప్పుకుంటానని, లేత నీలం వేయమంది. ఆ వారం బాబాయి జ్వరంతో ఇంట్లో మంచం పట్టాడు. పిన్నికి తోడుగా దుకాణంలో నేనున్నాను. ముందు ఉతికి మరకలు తీయాలని పిన్నికి తెలియక కాదు. "ఈవిడ శాలువాకి అంత సేవ కూడానా!" అని నేరుగా రంగు తొట్టెలో ముంచేసింది. నూనె మరకలున్న చోటల్లా రంగు పట్టక, శాలువా నిండా మచ్చలు తేలాయి.

పెళ్లికి ముందురోజు టీచరమ్మ వచ్చింది. అప్పటికి బాబాయి లేచి తిరుగుతున్నాడు. శాలువా విప్పి ఆవిడ వెలుతురుకి పట్టి చూసింది. "అమ్మది ఇదొక్కటే మిగిలింది నాకు. ఎవరు చేశారిది?"

పిన్ని తొట్టె వెనక్కి జరిగింది.

"బద్ధకం వచ్చింది!" అని అరిచాడు బాబాయి. "నాకేనమ్మా. ఉతక్కుండా ముంచేశాను."

నేను నోరెళ్లబెట్టాను. జ్వరంలో మంచం దిగని మనిషికి బద్ధకమేమిటి? అప్పుడు గుర్తొచ్చింది తమ్ముడి ఆవలింత. ఆ రోజూ పెద్దాయన కోపాన్ని ఇలాగే తన మీదికి లాక్కున్నాడు. ఈ మహానుభావుడు ఇన్నేళ్లుగా చాటింపు వేసిన మురికిలో సగం ఆయనది కాదు, మాది! ఆ క్షణంలో ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

"ఆయన కాదు," అంది పిన్ని. ముందుకొచ్చి నిలబడింది. "ద్వేషం వచ్చింది టీచర్. నాకు. నలుగురిలో మీరు అలా గదమాయిస్తుంటే ఒళ్లు మండి, కావాలనే ఉతకలేదు."

టీచరమ్మ శాలువా ఒళ్లో పరుచుకుని ఒక్కో మచ్చనీ వేలితో తడిమింది. బాబాయి ఏదో అనబోతే నేను ఆయన కాలు తొక్కాను.

"బకెట్ ఎక్కడుంది?" అంది టీచరమ్మ చివరికి.

ముగ్గురూ కలిసి ఉతికారు. టీచరమ్మ వంగి రుద్దుతుంటే, "నడుం పట్టేస్తుంది, నిటారుగా కూర్చోండి టీచర్," అంది పిన్ని. ఇద్దరూ ఒకేసారి ఫక్కున నవ్వారు. బాబాయి ముదురు నీలంలో మళ్లీ ముంచి, ఫ్యాను కింద ఆరేశాడు.

పొద్దున శాలువా విప్పి చూస్తే ఎక్కడా మచ్చ లేదు. టీచరమ్మ దాన్ని భుజాల చుట్టూ కప్పుకుని, చెంపకి ఆనించుకుంది. బాబాయి నోరు తెరిచాడు. మేమంతా అలవాటుగా చెవులు మూసుకున్నాం.

"సంతోషం వచ్చింది," అన్నాడాయన, జన్మలో మొదటిసారి మెల్లగా.

"వినపడలేదు," అంది పిన్ని. "గట్టిగా చెప్పండి."