ఇనుము చేయని పని

గాలి తగిలితే భగ్గుమనే పదార్థాలతోనే ఆమె యౌవనమంతా గడిచింది. నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలోకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు దూర్చి, ఇనుమునూ కర్బనాన్నీ ఒకదానికొకటి అంటగట్టడం ఆమె పరిశోధన. రసాయన చర్యల్ని నడిపించే ఖరీదైన పల్లాడియం లోహం చేసే పనిని చవక ఇనుము చేత చేయించాలని గైడుగారి పట్టుదల. ఆమె తయారుచేసిన ఇటుకరంగు స్ఫటికాలు ఒకరోజు ఆ పని చేసి చూపించాయి. "బంగారు తల్లివమ్మా" అన్నారు గైడుగారు.

ఆ పరిశోధన పేపరు అచ్చయినప్పుడు అందులో రెండే పేర్లున్నాయి. ఒకటి ఆయనది, రెండోది ఆయన అల్లుడిది. ఆ అల్లుడు గాజు పెట్టెలో ఏనాడూ చెయ్యి పెట్టి ఎరగడు.

"నా పేరేదండీ?" అని అడిగింది.

"పేరుదేముందమ్మా, పని నేర్చుకున్నావుగా. వాడు పెళ్ళాం బిడ్డలున్నవాడు. ఉద్యోగం కావాలి" అన్నారాయన, టీ చల్లారిపోతోందన్నంత తేలిగ్గా.

గొడవ చేస్తే డిగ్రీ రాదు. పంటి బిగువున డిగ్రీ పుచ్చుకుని బయటపడింది. ఇంట్లో సంగతి కనిపెట్టింది అక్క ఒక్కతే.

"పోనీలేవే, దేవుడు చూస్తాడు" అంది అక్క.

"దేవుడికి బోలెడు పనులు. ఇది నేను చూసుకుంటాను" అంది చెల్లెలు.

మందుల కంపెనీలో కెమిస్టుగా చేరింది. ఏళ్ళు గడిచాయి. అల్లుడు ప్రొఫెసరయ్యాడు, మామగారికి పతకాల మీద పతకాలు. వాళ్ళ ఫొటో ఎక్కడ కనబడ్డా ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఒకసారి కంపెనీ అవసరానికి ఆ స్ఫటికాలే మళ్ళీ చేసి, వాటితో అదే పని జరిపించాల్సి వచ్చింది. కొత్తగా కట్టిన ల్యాబు, సామాన్లన్నీ కొత్తవి. ఎన్నిసార్లు చేసినా ఫ్లాస్కులో ఉలుకూ పలుకూ లేదు. విసిగిపోయి, ద్రవాన్ని గిరగిరా తిప్పే తెల్లటి అయస్కాంతపు ముక్క ఒకటి కంపెనీ పాత ల్యాబు నుంచి తెచ్చి వేసింది. పని చకచకా జరిగిపోయింది. ఆ ముక్క మీది నల్లమరకను ఆసిడ్‌తో కడిగి పరీక్షిస్తే పల్లాడియం తేలింది. ఏ పాత ప్రయోగంలోనో అంటుకున్నది, రవ్వంత. పని చేసింది అదే. ఇనుము ఊరికే పెళ్ళికొడుకులా కూర్చుంది. గైడుగారి ల్యాబులోనూ ఇలాంటి మరకల ముక్కలనే కడిగి కడిగి వాడేవాళ్ళు.

స్టూలు మీద కూలబడింది. బతుకు మొత్తంలో తాను చేసిన ఒకే ఒక గొప్ప పని అసలు గొప్పదే కాదు. కాసేపు కళ్ళు మండాయి. తర్వాత నవ్వొచ్చింది. దొంగలు ఎత్తుకుపోయింది గిల్టు నగ.

మర్యాద ప్రకారం గైడుగారికి ముందుగా ఒక మాట చెప్పాలి. చెప్పలేదు. వేరే ల్యాబుల చేత కూడా చేయించి రూఢి చేసుకుని, ఆయన ఉపన్యాసమున్న పెద్ద సదస్సుకు వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచింది.

"ఆ మొదటి ప్రయోగాలు స్వయంగా చేసిందెవరండీ?"

ఆయన గుర్తుపట్టారు. ముందు వరసలో అల్లుడు మెడ తిప్పి చూశాడు.

"మా అల్లుడే. అన్నీ అతని చేతి మీదుగానే జరిగాయి" అన్నారు మైకులో.

"ఇంకెవరి చెయ్యీ లేదా?"

"లేదు."

ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే. అప్పుడు పల్లాడియం సంగతి విప్పింది. ఒక్కో ఫలితమూ నెమ్మదిగా, గొంతు పెంచకుండా చెప్పింది. అల్లుడు తల దించుకున్నాడు.

సదస్సు ముగిశాక మెట్ల దగ్గర గైడుగారు ఆమెకు అడ్డం వచ్చారు. మనిషి వడిలిపోయి ఉన్నారు.

"అమ్మా, ఆ పని చేసింది నువ్వు. శిష్యురాలిగా పొరపాటు నాదేనని నువ్వొక్క మాట అంటే వాడి ఉద్యోగం నిలబడుతుంది."

"నేనా? ఆ పేపర్లో నా పేరెక్కడుందండీ?"

ఆమె పక్కకు తప్పుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తప్పని తేలి, పేపరును పత్రిక వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. అల్లుడి పదవి ఊడింది. ఎక్కడో రంగుల డబ్బాలమ్మే కంపెనీలో కుదురుకున్నాడని తెలిసింది.

"అతని పిల్లలేం పాపం చేశారే?" అంది అక్క.

"ఏమీ చెయ్యలేదు. అప్పుడు నేను మాత్రం ఏం చేశాను?"

చెల్లెలి మనసు ఎప్పటికైనా కరుగుతుందని అక్క చాలాకాలం ఎదురుచూసింది. కరగలేదు. గైడుగారు పోయారని కబురొచ్చిన రోజున కూడా ఆమె మామూలుగానే ల్యాబుకు వెళ్ళి, సాయంత్రం దాకా పని చేసుకుని వచ్చింది.